ట్రావెల్ యాప్‌లో వెతకడం ఫ్రీ.. మరి వాళ్లకు డబ్బులెలా? మలక్‌పేట బస్సు టికెట్ వెనుక అసలు లెక్క ఇదీ!

మలక్‌పేటలో బస్సెక్కి విజయవాడ వెళ్లాలి. ఫోన్ తీసి యాప్‌లో ఊరి పేరు, తేదీ కొడితే చాలు.. క్షణాల్లో బస్సుల లిస్టు వచ్చేస్తుంది. ఏసీ స్లీపర్, సీటర్, ఆర్టీసీ, ప్రైవేట్.. అన్నీ ఒకేచోట. ఇంత వెతికిపెట్టినందుకు యాప్ మన దగ్గర ఒక్క రూపాయి కూడా అడగదు.

మరి ఆ కంపెనీలు బతికేది ఎలా? అభిబస్‌కు మహేశ్ బాబు, రెడ్‌బస్‌కు అల్లు అర్జున్.. స్టార్ హీరోలతో యాడ్లు చేయించేంత డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? లిస్టులో ఫలానా బస్సే పైన ఎందుకు కనిపిస్తుంది? పండగొస్తే రేటు పెంచేది ఎవరు? టికెట్ బుక్ చేసే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సిన విషయాలివి. ఎందుకంటే ఫోన్‌లో మనకు కనిపించేది నోటీసు బోర్డు కాదు.. అదొక దుకాణం!

మలక్‌పేటలో పోటీ ఎందుకంత ఎక్కువ?

చాదర్‌ఘాట్ దగ్గర మూసీ దాటితే మలక్‌పేట. అక్కడి నుంచి దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్, హయత్‌నగర్ మీదుగా నేరుగా విజయవాడ హైవే. అదే 65వ నంబర్ జాతీయ రహదారి. కూకట్‌పల్లి, అమీర్‌పేట వైపు నుంచి ఆంధ్రా బయలుదేరే ప్రైవేట్ బస్సుల్లో చాలా వాటికి ఇదే దారి. అందుకే యాప్‌ల బోర్డింగ్ పాయింట్లలో మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ పేర్లు వరుసగా కనిపిస్తాయి.

సైదాబాద్, చంచల్‌గూడ, పాతబస్తీ జనానికి మలక్‌పేట దగ్గర. పైగా ఇక్కడి నుంచి ఎంజీబీఎస్ కూడా దూరమేమీ కాదు. కాచిగూడ రైల్వే స్టేషన్ పక్కనే ఉన్నట్టు లెక్క. మలక్‌పేటలోనే మెట్రో స్టేషన్, ఎంఎంటీఎస్ స్టేషన్ ఉన్నాయి. అంటే ఒక్క ప్రయాణికుడి కోసం ఆర్టీసీ, ప్రైవేట్ ట్రావెల్స్, రైల్వే.. ముగ్గురూ పోటీ పడుతున్నారు. ఇలా ముగ్గురు పోటీ పడేచోట, ఎవరు ముందు కనిపించాలో నిర్ణయించేవాడికే విలువ. ట్రావెల్ సెర్చ్ వ్యాపారం మొత్తం ఈ ఒక్క పాయింట్ మీదే నడుస్తోంది.

దీపావళికి దొరకని టికెట్.. అక్కడే మొదలైంది!

యాప్‌లు రాకముందు కథ వేరు. బస్సు ట్రావెల్స్ వాళ్లది. సీట్లు మాత్రం ఊరంతా ఉన్న ఏజెంట్ల చేతుల్లో. ఒక్కో ఏజెంట్‌కు నాలుగైదు సీట్ల కోటా. చార్ట్ మీద పెన్నుతో రాసుకోవడం, ఫోన్‌లో అడిగి కన్ఫర్మ్ చేసుకోవడం. మలక్‌పేటలో ఒక ఏజెంట్ 'సీట్లు లేవు' అంటే, అదే బస్సులో అమీర్‌పేట ఏజెంట్ దగ్గర రెండు సీట్లు మిగిలి ఉండొచ్చు. ఆ సంగతి ప్రయాణికుడికి తెలీదు. ఒక్కోసారి ట్రావెల్స్ ఓనర్‌కూ తెలీదు. సీట్లు ఖాళీగానే బస్సు వెళ్లిపోయేది.

ఈ సమస్య 2005 దీపావళికి ఓ తెలుగు కుర్రాడికి ఎదురైంది. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఫణీంద్ర సామ పండక్కి హైదరాబాద్ రావాలనుకున్నారు. ఎంతమంది ఏజెంట్ల చుట్టూ తిరిగినా టికెట్ దొరకలేదు. సీట్లు ఉన్నాయో లేవో చెప్పే చోటే లేదని అప్పుడు అర్థమైంది. బిట్స్ పిలానీలో చదువుకున్న స్నేహితులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజుతో కలిసి 2006 ఆగస్టులో రెడ్‌బస్ మొదలుపెట్టారు.

మొదట ట్రావెల్స్ వాళ్లకు సాఫ్ట్‌వేర్ ఇద్దామనుకున్నారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. దాంతో రూటు మార్చారు. 'సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత, ముందు కొన్ని సీట్లివ్వండి, అమ్మిపెడతాం' అన్నది కొత్త పద్ధతి. అది ఫలించింది. సీట్లు అమ్ముడవుతుంటే ఆపరేటర్లు ఒక్కొక్కరుగా దారికొచ్చారు. ఆ తర్వాత బస్సు మొత్తం సీట్ల లెక్కను ఆన్‌లైన్‌లో పెట్టే సాఫ్ట్‌వేర్ కూడా వాళ్లకు చేరింది. ఏ బస్సులో ఏ సీటు ఖాళీనో ఒకే తెరపై కనిపించడం అలా సాధ్యమైంది.

2013లో ఇబిబో గ్రూప్ రెడ్‌బస్‌ను కొనేసింది. 2017లో ఇబిబో వెళ్లి మేక్‌మైట్రిప్‌లో కలిసిపోయింది. ఫణీంద్ర సామ 2018లో తెలంగాణ ప్రభుత్వానికి చీఫ్ ఇన్నోవేషన్ ఆఫీసర్‌గా వచ్చారు.

హైదరాబాద్ గడ్డ మీద అభిబస్

రెడ్‌బస్ బెంగళూరులో పుడితే, 2008లో హైదరాబాద్‌లోనే అభిబస్ మొదలైంది. దీన్ని పెట్టింది సుధాకర్ రెడ్డి చిర్రా. 2021 ఆగస్టులో అభిబస్ వ్యాపారాన్ని ఇక్సిగో తీసుకుంది. అదే ఏడాది మొదట్లో రైలు టికెట్ల యాప్ కన్ఫర్మ్‌టికెట్‌ను కూడా ఇక్సిగోనే కొనుక్కుంది.

ఇక్సిగో కథలో ఓ కీలకమైన మలుపు ఉంది. 2007లో మొదలైనప్పుడు అది టికెట్లు అమ్మేది కాదు. వేరే సైట్లలో రేట్లు వెతికి పక్కపక్కన చూపించే సెర్చ్ ఇంజిన్ మాత్రమే. తర్వాత పీఎన్‌ఆర్ స్టేటస్, రైలు ఎక్కడుందో చెప్పడం లాంటి సేవలతో జనాన్ని అలవాటు చేసింది. చివరికి తానే టికెట్లు అమ్మడం మొదలుపెట్టింది. 2024 జూన్‌లో స్టాక్ మార్కెట్‌కు వచ్చి, దాదాపు 740 కోట్ల రూపాయల ఐపీవో పూర్తిచేసింది.

వెతికిపెట్టే కంపెనీ అమ్మే కంపెనీగా ఎందుకు మారింది? సమాధానం ఆదాయం లెక్కలోనే ఉంది.

వెతికేవాడు వేరు.. అమ్మేవాడు వేరు

ఈ వ్యాపారంలో రెండు రకాల కంపెనీలున్నాయి. మొదటిది మెటాసెర్చ్. స్కైస్కానర్, కయాక్, గూగుల్ ఫ్లైట్స్ ఈ కోవలోకి వస్తాయి. పది సైట్ల రేట్లు తెచ్చి చూపిస్తాయి. మీరు ఒకదాని మీద నొక్కితే ఆ సైట్‌కు పంపేస్తాయి. డబ్బు కట్టేది అక్కడే. ఇలా పంపినందుకు ఆ సైట్ నుంచి క్లిక్‌కు ఇంత అనో, టికెట్ తెగితే ఇంత అనో తీసుకోవడం మెటాసెర్చ్ కంపెనీల ప్రధాన ఆదాయం.

రెండోది ఆన్‌లైన్ ట్రావెల్ ఏజెంట్. మేక్‌మైట్రిప్, రెడ్‌బస్, అభిబస్ లాంటివి. మన పాత ట్రావెల్స్ ఏజెంటే ఇప్పుడు ఫోన్‌లోకి వచ్చాడనుకోండి. టికెట్ ఇచ్చేది, డబ్బు తీసుకునేది, క్యాన్సిల్ చేస్తే రీఫండ్ పంపేది ఈ యాపే.

క్లిక్ మీద బతకడం కష్టం. కస్టమర్‌ను చేతుల్లో పెట్టి అవతలివాడికి అప్పగించాలి. అందుకే చాలామంది సెర్చ్‌తో మొదలై అమ్మకంలోకి దిగారు. లేదంటే పెద్ద ఏజెంట్ కంపెనీల చేతికి వెళ్లిపోయారు. కయాక్‌ను ప్రైస్‌లైన్ 180 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు 2012లో ప్రకటించింది. స్కైస్కానర్‌ను 2016లో చైనా కంపెనీ సీట్రిప్ 140 కోట్ల పౌండ్లకు తీసుకుంది. విమాన ఛార్జీలు వెతికే సాఫ్ట్‌వేర్ తయారుచేసిన ఐటీఏ అనే కంపెనీకి గూగుల్ 70 కోట్ల డాలర్లు పెట్టింది. వెతికే చోటు ఎవరి చేతిలో ఉంటే వాళ్లకే బేరం. అందుకే ఇన్నేసి కోట్లు!

డబ్బులు వచ్చే దారులు ఇవే

1. కమిషన్: టికెట్ తెగితే ఆపరేటర్ నుంచి యాప్‌కు వాటా. ఎంత అనేది ఒప్పందాన్ని బట్టి మారుతుంది. ఉదాహరణకు 1,000 రూపాయల టికెట్‌పై 10 శాతం కమిషన్ అనుకుందాం. యాప్‌కు 100, ట్రావెల్స్‌కు 900. డీజిల్, టోల్, డ్రైవర్ జీతం, ట్యాక్సులు అన్నీ ఆ 900లోంచే.

2. కన్వీనియన్స్ ఫీజు: ఇది మన జేబు నుంచి పోయేది. చివరి పేజీలో కనిపిస్తుంది. టికెట్ క్యాన్సిల్ చేస్తే చాలాసార్లు తిరిగి రాదు.

3. స్పాన్సర్డ్ లిస్టింగ్: లిస్టులో పైన కనిపించడానికి ఆపరేటరో, హోటలో కట్టే డబ్బు. పక్కన చిన్న అక్షరాల్లో 'యాడ్' అనో, 'స్పాన్సర్డ్' అనో ఉంటుంది. గబగబా స్క్రోల్ చేసేవాళ్లకు అది కంటపడదు.

4. ఇన్సూరెన్స్, ఫ్రీ క్యాన్సిలేషన్: ఇరవై రూపాయలో, వందో ఎక్స్‌ట్రా కడితే 'టెన్షన్ ఫ్రీ' అంటారు. కట్టేవాళ్లు చాలామంది. వాడుకునేవాళ్లు కొందరే. మిగిలింది యాప్‌కూ, దాని పార్ట్‌నర్ కంపెనీలకూ ఆదాయం.

5. సాఫ్ట్‌వేర్: సీట్ల లెక్క చూసుకోవడానికి, ఇతర ఏజెంట్లకు సీట్లు పంచడానికి ఆపరేటర్లకు ఇచ్చే సిస్టమ్. దీనివల్ల ఏ రూట్‌లో ఎప్పుడు గిరాకీ ఉందో యాప్‌కు అందరికంటే ముందే తెలుస్తుంది.

కూపన్ సంగతీ చూడాలి. '200 తగ్గింపు' అని కనిపించినప్పుడు ఆ 200 ఎవరిదో చెప్పరు. కొన్నిసార్లు యాప్ భరిస్తుంది, కొన్నిసార్లు బ్యాంకు, ఇంకొన్నిసార్లు బస్సు ఓనర్. కూపన్ చూసి సంబరపడే ముందు చివరి పేజీలో మొత్తం ఎంత పడుతోందో చూసుకుంటే అసలు లెక్క తేలుతుంది.

లిస్టులో పైన ఉంటేనే బతుకు

చిన్న ఫోన్ తెరపై ఒకేసారి కనిపించేది మూడు నాలుగు బస్సులే. ఇరవయ్యో నంబర్‌లో ఉన్న బస్సు రోడ్డు మీద ఉన్నా లేనట్టే! రెండు మూడు బస్సులు నడుపుకునే చిన్న ట్రావెల్స్‌కు ఇది జీవన్మరణ సమస్య. యాప్‌లో పెట్టకపోతే జనం రారు. పెడితే కమిషన్ కట్టాలి. పైకి రావాలంటే ఇంకా ఖర్చు పెట్టాలి.

లిస్టు నుంచే పేరు తీసేస్తే? అలాంటి కేసూ ఉంది. ఓయోతో కుదిరిన ఒప్పందం కారణంగా ట్రీబో, ఫ్యాబ్‌హోటల్స్ లాంటి పోటీ హోటళ్లను మేక్‌మైట్రిప్ తన ప్లాట్‌ఫామ్ నుంచి తొలగించిందని కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా తేల్చింది. 2022 అక్టోబర్‌లో మేక్‌మైట్రిప్-గోఐబిబోకు 223.48 కోట్లు, ఓయోకు 168.88 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఈ ఉత్తర్వును కంపెనీలు అప్పిలేట్ ట్రిబ్యునల్‌లో సవాలు చేశాయి.

ఇక్కడ వినియోగదారుడికి ఉన్న హక్కు చాలామందికి తెలీదు. 2020 నాటి ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం, ఏ లెక్కన ర్యాంకింగ్ ఇస్తున్నారో ప్లాట్‌ఫామ్ సులభమైన భాషలో వివరించాలి. యాప్‌లో 'టర్మ్స్' పేజీలు తెరిస్తే ఆ వివరణ ఉందో లేదో చూడొచ్చు.

యాప్‌లు ఎన్నో.. ఇళ్లు మాత్రం కొన్నే!

నాలుగు యాప్‌లలో చూసి రేటు పోల్చుకున్నామని అనుకుంటాం. కానీ రెడ్‌బస్, గోఐబిబో, మేక్‌మైట్రిప్.. ఈ మూడూ ఒకే ఇంటివి. అభిబస్, కన్ఫర్మ్‌టికెట్, ఇక్సిగో.. ఈ మూడూ ఇంకో ఇంటివి. ఒకే ఇంట్లో మూడు గదులు తిరిగి చూస్తే ఊరంతా తిరిగినట్టు కాదు కదా!

నిజంగా పోల్చాలంటే రెండు వేర్వేరు గ్రూపుల యాప్‌లు, దాంతోపాటు ఆ ట్రావెల్స్ సొంత వెబ్‌సైటో, కౌంటరో చూడాలి. ఆర్టీసీ బస్సయితే టీజీఎస్‌ఆర్టీసీ సొంత వెబ్‌సైట్ ఉండనే ఉంది. రోడ్డు మీద కౌంటర్‌లో కమిషన్ మిగులుతుంది కాబట్టి, రద్దీ లేని రోజుల్లో బేరం ఆడే చాన్స్ కూడా ఉంటుంది.

పండగ రేటు పెంచేది ఎవరు?

సంక్రాంతి, దసరా వస్తే ఇదే పెద్ద గొడవ. జనం యాప్‌ను తిడతారు. యాప్ 'రేటు మాది కాదు, ఆపరేటర్‌ది' అంటుంది. ఇందులో నిజం ఉంది. ప్రైవేట్ బస్సులు కాంట్రాక్ట్ క్యారేజ్ పర్మిట్ల మీద నడుస్తాయి. ఆర్టీసీకి ఉన్నట్టు వాటి టికెట్ రేటుకు ప్రభుత్వం పెట్టిన సీలింగ్ లేదు. సీటు రేటు పెట్టేది ఆపరేటరే. అయితే ఏ తేదీకి ఎంతమంది వెతుకుతున్నారు, సీట్లు ఎంత వేగంగా నిండుతున్నాయి అన్న సమాచారం ఉండేది యాప్ సిస్టమ్‌లోనే. రేటు పెరిగితే కమిషన్ కూడా పెరుగుతుందన్నది మర్చిపోకూడదు.

ఆర్టీసీ కూడా ఈ దారిలో కొంత నడిచింది. 2023 మార్చిలో బెంగళూరు రూట్‌లో డైనమిక్ ప్రైసింగ్ ప్రయోగం మొదలుపెట్టింది. పండగ స్పెషల్ బస్సుల్లో 50 శాతం దాకా అదనంగా తీసుకునేందుకు 2003 నాటి 16వ నంబర్ జీవో ఉంది. తేడా ఏంటంటే.. ఆర్టీసీ పెంపుకు జీవో అనే హద్దు ఉంది. ప్రైవేట్‌కు ఆ హద్దు లేదు.

రేటింగ్‌లో కనిపించనిది ఇదే

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఒకటుంది. యాప్‌లో బస్సుకు 4.5 స్టార్లు ఉంటాయి. ఆ స్టార్లు ఇచ్చేది ప్రయాణికులు. టైమ్‌కు వచ్చిందా, దుప్పటి శుభ్రంగా ఉందా, స్టాఫ్ మర్యాదగా మాట్లాడారా.. ఇవే చూస్తారు. ఎమర్జెన్సీ డోర్ తెరుచుకుంటుందా? ఫిట్‌నెస్ గడువు ఉందా? సీటర్ బస్సును స్లీపర్‌గా మార్చారా? ఇవి స్టార్లలో ఉండవు.

2013 అక్టోబర్ 30న బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ప్రైవేట్ బస్సు మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర తగలబడి 45 మంది చనిపోయారు. పన్నెండేళ్ల తర్వాత 2025 అక్టోబర్ 24న హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న మరో ప్రైవేట్ బస్సు కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర మంటల్లో చిక్కుకుంది. 19 మంది ప్రయాణికులు ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాతే రెండు రాష్ట్రాల్లోనూ రవాణా శాఖ అధికారులు ప్రైవేట్ బస్సుల తనిఖీలకు దిగారు.

యాప్‌లో 'తక్కువ రేటు ముందు' అని పెట్టి పైన వచ్చిందాన్ని బుక్ చేసేస్తే, ఈ విషయాలేవీ తెలియకుండానే బస్సెక్కేస్తాం. బయలుదేరే ముందు బస్సు నంబర్ ఎస్‌ఎంఎస్‌లో వస్తుంది. ఆ నంబర్‌ను కేంద్ర ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో కొడితే ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ గడువు వివరాలు చూడొచ్చు. పట్టే టైమ్ రెండు నిమిషాలు.

రైలు టికెట్‌కు ఎందుకంత ఫీజు?

రైలు టికెట్ ఛార్జీ ఎక్కడ కొన్నా ఒకటే. ప్రైవేట్ యాప్‌లో బుక్ చేసినా వెనకాల పనిచేసేది ఐఆర్‌సీటీసీ సిస్టమే. మీ ఐఆర్‌సీటీసీ ఐడీ కూడా అడుగుతారు. తేడా అంతా ఫీజులోనే. ఐఆర్‌సీటీసీలో యూపీఐతో కడితే నాన్ ఏసీకి 10, ఏసీకి 20 రూపాయలు ప్లస్ జీఎస్టీ. ఇతర పద్ధతుల్లో కడితే 15, 30. ప్రైవేట్ యాప్‌లో దీనిపైన ఏజెంట్ ఫీజు, పేమెంట్ ఛార్జీ, 'ఫ్రీ క్యాన్సిలేషన్' లాంటివి కలవొచ్చు. కాచిగూడలో రైలెక్కే నలుగురు సభ్యుల కుటుంబం చివరి పేజీ ఒకసారి నిదానంగా చదివితే తేడా తెలిసిపోతుంది.

బుక్ చేసే ముందు ఇవి చూసుకోండి

* లిస్టులో మొదటి పేరు పక్కన 'యాడ్', 'స్పాన్సర్డ్' అని ఉందేమో చూడండి. ఉంటే కిందికి వెళ్లి మళ్లీ పోల్చండి.

* రేటు పోల్చేది మొదటి పేజీలో కాదు, డబ్బు కట్టే పేజీలో. ఫీజులన్నీ కలిశాక వచ్చేదే అసలు రేటు.

* మీరు పెట్టకుండానే ఇన్సూరెన్స్‌కో, డొనేషన్‌కో టిక్ పడి ఉంటే తీసేయండి. దీన్ని 'బాస్కెట్ స్నీకింగ్' అంటారు. లేని తొందర పుట్టించేలా 'రెండు సీట్లే ఉన్నాయ్' అని అబద్ధం చెప్పడం, ఫీజులు చివర్లో బయటపెట్టడం కూడా తప్పే. 2023 నవంబర్ 30న కేంద్రం నోటిఫై చేసిన 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లలో ఇవన్నీ ఉన్నాయి.

* బోర్డింగ్ పాయింట్ 'మలక్‌పేట' అని మాత్రమే ఉంటే సరిపోదు. మెట్రో స్టేషన్ దగ్గరా, నల్గొండ క్రాస్‌రోడ్స్ దగ్గరా, రోడ్డుకు ఏ వైపు అనేది ముందే ఫోన్ చేసి కనుక్కోండి. రాత్రిపూట బస్సు అక్కడ ఆగేది కాసేపే.

* క్యాన్సిలేషన్ రూల్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. రీఫండ్ గొడవ వస్తే అదే సాక్ష్యం.

* సమస్య వస్తే ముందు యాప్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయండి. 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఇది రూల్. అప్పటికీ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కాల్ చేయొచ్చు.

యాప్‌లు వచ్చాక టికెట్ కోసం ఏజెంట్ల చుట్టూ తిరిగే బాధ పోయిన మాట నిజం. చిన్న ఊళ్ల బస్సు కూడా ఫోన్‌లో దొరుకుతోంది. కానీ పాత ఏజెంట్ అయినా, కొత్త యాప్ అయినా అమ్మేవాడు అమ్మేవాడే. వాడు చూపించిన వరుసలో కాకుండా మన అవసరం వరుసలో చూసుకోవాలి. ముందు భద్రత, తర్వాత టైమ్, ఆ తర్వాతే రేటు.